గాలిదుమారానికి ముందు ఇంటికప్పు పరీక్ష



పైరు గురించి, పురుగు గురించి చెప్పవలసినవాడు ఇంటికప్పు సంగతి ఎత్తుకున్నాడేమిటని అనుకోకండి. చైత్ర వైశాఖాలలో మామిడికాయలు రాల్చే గాలే ఇంటి రేకులనూ లేపుతుంది. పైగా మీ పిల్లలు చాలామంది చదువులకని, కోచింగుకని హైదరాబాదు వచ్చి అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాలలో ఉంటున్నారు. అద్దె తక్కువని వారు చేరే గది తరచు మేడమీది రేకుల గదే.

డిప్లొమా అయ్యాక ఉద్యోగ పరీక్షలకు చదువుతూ నేనూ అమీర్‌పేటలో అలాంటి గదిలోనే ఉన్నాను. నాలుగంతస్తుల పైన, పదడుగుల గది. రేకులు కదలకుండా యజమాని వాటిమీద బండరాళ్లు పెట్టించాడు. మే నెలలో ఒక సాయంకాలం దుమారం లేచి మూల రేకు తెరుచుకుంది, దానిమీది రాయి జారి సరిగ్గా నా మంచంమీద పడింది. ఆ సమయానికి నేను టీ తాగడానికి కిందికి దిగాను గనుక ఈవేళ మీతో మాట్లాడుతున్నాను.

రాయి ఎందుకు ఆపలేదో చూడండి. గాలి కప్పును పక్కనుంచి నెడుతుందని మనం అనుకుంటాం. నిజానికి కప్పుమీదుగా వేగంగా పోయే గాలి రేకును పైకి పీలుస్తుంది. అంచుల వద్ద, మూలల వద్ద ఈ పీల్పు మరీ ఎక్కువ. గాలికి ఎదురుగా ఉన్న తలుపు తెరిచి ఉంటే లోపలికి చొరబడిన గాలి కిందినుంచి కూడా ఎత్తుతుంది. వేగం రెండింతలైతే బలం నాలుగింతలవుతుంది.

కట్టడాలమీద గాలి బలానికి మన దేశంలో ఐ.ఎస్. 875 మూడవ భాగం ప్రమాణం. అందులో హైదరాబాదుకు సెకనుకు 44 మీటర్లు, విశాఖపట్నానికి 50 మీటర్లు అని లెక్క. 44 మీటర్లంటే గంటకు సుమారు 158 కిలోమీటర్లు. ఆ గాలికి చదరపు మీటరుకు ఉజ్జాయింపుగా 118 కిలోల ఒత్తిడి వస్తుంది. పదడుగుల గది కప్పుమీద అది దాదాపు 1,100 కిలోలు, అనగా 75 కిలోల వడ్లబస్తాలు పదిహేను. నాలుగు బండలు ఏపాటి?

సముద్రం దూరమని ధీమా పడకూడదు. 2019 ఏప్రిల్ 22న హైదరాబాదు ఎల్.బి. స్టేడియంలో ఫ్లడ్‌లైట్ల స్తంభం ఈదురుగాలికి కూలి ఒకరు చనిపోయారు. 2024 మే 26న నాగర్‌కర్నూలు జిల్లా ఇంద్రకల్‌లో కడుతున్న కోళ్ల షెడ్డు కూలి నలుగురు ప్రాణాలు కోల్పోయారు.

కాబట్టి గాలి లేని ఒక ఉదయం నిచ్చెన, స్పానరు తీసుకుని కప్పు చూడండి. సిమెంటు రేకుమీద కాలు మోపవద్దు, విరుగుతుంది. అడ్డంగా పలక వేసుకోండి. బోల్టులు తుప్పు పట్టాయా, వాషర్లు ఉన్నాయా, బోల్టు రేకు గుబ్బమీద ఉందా, పల్లంలో ఉందా చూడాలి. అంచులలో, మూలలలో బోల్టులు దగ్గర దగ్గరగా ఉండవలెను. ఆ తరువాత చాలామంది చూడని సంగతి ఒకటుంది: రేకును పట్టుకున్న ఇనుప పైపును ఏది పట్టుకుంది? నాలుగున్నర అంగుళాల గోడమీద ఊరికే ఆనించి ఉంటే పైపుతో సహా లేచిపోతుంది. దాన్ని స్లాబుకో స్తంభానికో బిగించాలి. రాళ్లు దింపేయండి. నీళ్ల ట్యాంకు సంగతి విడ్డూరం. నిండిన వెయ్యి లీటర్ల ట్యాంకు టన్ను బరువు. ఖాళీ ట్యాంకును ఇద్దరు ఎత్తేస్తారు. దుమారాలు వచ్చేది నీళ్లు లేని ఎండాకాలంలోనే! తాడుతో కట్టండి.

ఇక బీమా. అమెరికాలోని ఫ్లోరిడాలో 1992లో ఆండ్రూ తుపాను ఎన్నో ఇళ్లను నాశనం చేసింది. అక్కడ ఇప్పుడు పరీక్షకుడు ఇల్లు చూచి, గాలికి తట్టుకునే ఏర్పాట్లున్నవని ఫారం రాసి ఇస్తే ప్రీమియం తగ్గించవలెనని చట్టం ఉంది. మన దగ్గర అలాంటి చట్టం లేదు. అయినా డబ్బు మిగిలే దారి వేరే ఉంది. 2021 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన 'భారత్ గృహ రక్ష' పాలసీలో అగ్నిప్రమాదంతోపాటు తుపాను, గాలివాన, వరద కూడా చేరి ఉన్నాయి. ఇందులో ఇంటి విలువ అంటే కట్టుబడి ఖర్చు మాత్రమే, స్థలం ధర కాదు. పంజాగుట్టలో గజం ధర వేసి బీమా రాయిస్తే, ఏ గాలీ ఎత్తుకుపోలేని నేలకు ఏటేటా ప్రీమియం కట్టినట్లే. మేడమీద తరువాత వేసిన రేకుల గదిని దాచకుండా చెప్పండి. గడ్డి, తాటాకు, వెదురు, టార్పాలిన్ కప్పులను కచ్చా కట్టడంగా లెక్కిస్తారు, అదీ రాయాలి. అద్దెకున్నవారు తమ సామానుకు మాత్రమే తీసుకోవచ్చు. పంట బీమా ఉందిగదా అంటారు కొందరు. అది పైరుకే, ఇంటికి పనికిరాదు.

పరీక్ష చేసిన రోజున కప్పుకు, బోల్టులకు ఫోనులో ఫొటోలు తీసి ఉంచండి. నష్టం జరిగితే వెంటనే కంపెనీకి తెలిపి, సర్వేయరు చూచేవరకు విరిగిన రేకులను పారవేయకండి.

ఈ రాత్రి పిల్లవాడు అమీర్‌పేటనుంచి ఫోను చేసినప్పుడు, అన్నం తిన్నావా అని అడిగాక, మీ గది కప్పుమీద బోల్టులున్నాయా, రాళ్లున్నాయా అని కూడా అడగండి. రాళ్లని చెబితే, బోల్టులు వేయించేవరకు దుమారం వచ్చిన వేళ కింది అంతస్తుకు దిగమనండి.