కోళ్లగూటిలో బూడిద

వారాసిగూడలో మేము అద్దెకుంటున్న ఇంటి పెరట్లో ఇంటివారి అవ్వ ఆరు నాటుకోళ్లను పెంచుతున్నది. నీళ్లపొయ్యి బూడిదను జల్లించి ఆమె గూటిలో పోస్తుంటే తోటి విద్యార్థులు నవ్వారు. నేను నవ్వలేదు. కారణం చెబుతాను.

నిరుడు ఎండాకాలం మా ఊళ్లో పొదుగుకు కూర్చున్న కోడి పన్నెండు గుడ్లను వదిలి నడుమనే లేచిపోయింది. రాత్రి టార్చి వేసి చూస్తే గూటి కర్రల నిండా ఎర్రనల్లి! మా పరీక్ష ఫీజులు ఆ కోళ్ల మీదే వెళ్తాయి. పంటకు కొట్టే మందు చల్లుదామన్నాడు నాన్న. "గుడ్లు తినేది మనమే గద బిడ్డా" అని అమ్మ అడ్డుపడింది. అమ్మ భయం ఉత్తది కాదు. 2017లో యూరప్‌లో ఈ నల్లి కోసమే వాడకూడని ఫిప్రోనిల్ వాడి, లక్షలాది గుడ్లను పారబోయవలసి వచ్చింది.

మరి బూడిద ఏం చేస్తుంది? ఈ చిన్న జీవుల ఒంటిపై పలుచని మైనపు పొర ఉంటుంది. లోపలి తేమను కాపాడేది అదే. సన్నని పొడి దుమ్ము ఆ పొరను గీరుతుంది, పీల్చుకుంటుంది. తేమ పోయి పురుగు ఎండి చస్తుంది. ఇంగ్లండులో విగ్గిల్స్‌వర్త్ అనే శాస్త్రజ్ఞుడు 1940లలోనే దీన్ని పురుగులపై ప్రయోగాలతో వివరించాడు. మన పెద్దలు విత్తనపు కందులకు బూడిద కలపడంలోనూ కొంత ఇదే కిటుకు ఉంది.

డయాటమ్ అనే సూక్ష్మ నాచుల సిలికా గుల్లలు పేరుకొని ఏర్పడిన మట్టి కూడా ఇదే పని చేస్తుంది. 2012లో కాలిఫోర్నియా పరిశోధకులు కోళ్లకు దుమ్ముపెట్టెలు పెట్టి చూశారు. డయాటమ్ మట్టిలో, కయోలిన్‌లో పొర్లిన కోళ్లపై పేలు, ఒంటినల్లి బాగా తగ్గాయి. పొర్లని వాటిపై తగ్గలేదు. గంధకం మాత్రం పొర్లని కోళ్లకూ పనికొచ్చింది.

కనుక శత్రువు ఎవరో ముందు తెలియాలి. పేలు కోడి ఒంటిమీదే బతుకుతాయి. వాటికి దుమ్ముస్నానం చాలు. ఎర్రనల్లి పగలు సందుల్లో దాగి, రాత్రి నెత్తురు తాగుతుంది. దానికి గూడు ఖాళీ చేసి, మరిగే నీళ్లు పోసి, బాగా ఆరాక సందుల్లో బూడిద కూరాలి. తడిస్తే బూడిద పనిచేయదు. వానాకాలం మళ్లీ మళ్లీ వేయాలి. ప్లాస్టిక్ కాల్చిన బూడిద వద్దు. ఏ దుమ్మయినా ఊపిరితిత్తులకు చెరుపే; ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి.

అమ్మ అట్లాగే చేసింది. తరువాతి పొదుగులో పదకొండు గుడ్లకు తొమ్మిది పిల్లలయ్యాయి. మిత్రులారా, ప్రయోగశాలలో నేర్చిన పాఠాన్ని ఒకసారి మన ఇంటి పెరట్లోనూ వెతుకుదాం!