లండను కాపురము: సోదరీమణులకు కొన్ని సూచనలు

పూర్వము సీమ ప్రయాణమనిన పురుషుల విషయముగనే యుండెడిది. నేడు చదువునకో, భర్త యుద్యోగమును బట్టియో, కుమార్తె పురిటికో మన స్త్రీలనేకులు లండను నగరమునకు పోవుచున్నారు. ప్రయాణమును గూర్చి పడు శ్రమలో నాలవవంతైనను అచటి కాపురమును గూర్చి తెలిసికొనుటకు పడుట లేదు. కావున ముఖ్యమైన సంగతులు కొన్నింటిని సోదరీమణులకు మనవి చేయుచున్నాము.

మొదట సామానుల మాట. పాలతోను మాంసముతోను చేసిన పదార్థములను మన దేశమునుండి అచటికి కొనిపోరాదని శాసనము. తల్లి ప్రేమతో కాచి యిచ్చిన నేయియైనను, పాలకోవయైనను విమానాశ్రయమున వదలవలసినదే. కందిపప్పు, చింతపండు, మినపగుండ్లు ఈస్ట్‌హాము, వెంబ్లీ, సౌతాలు పేటలలోని మనవారి యంగళ్లలో లభించును గనుక వానితో పెట్టెలు నింపుట వ్యర్థము. వైద్యుల చీటీలు, పిల్లల టీకాల పట్టికలు మాత్రము మరువరాదు. మిక్సీ కొనిపోవచ్చును, విద్యుచ్ఛక్తి మనవలెనే 230 వోల్టులు. ప్లగ్గునకు మూడు చదునైన పుల్లలుండును గనుక తగిన అడాప్టరు కావలెను.

అచటి యిండ్లలో పొగను పసిగట్టి కూతపెట్టు పరికరము కప్పునకు అమర్చబడి యుండును. పోపు పెట్టగనే అది గొల్లుమనును. విసిగి దానిని ఊడదీయువారు కలరు. అది ప్రాణాపాయము. లోపలి నేలలు, మెట్లు కర్రతో కట్టిన యిండ్లనేకములు గనుక రాత్రివేళ నిప్పంటుకొనిన మేలుకొలుపునది అదియొక్కటే. పోపునకు ముందే కిటికీ తెరచి, వంటగది తలుపు మూసికొనిన చాలును. బట్టలను గదిలో ఆరవేయునప్పుడును కిటికీ కొంచెము తెరవవలెను. లేకున్న తేమచే గోడలకు బూజు పట్టి, పిల్లలకు దగ్గు, ఉబ్బసము హెచ్చును.

డిసెంబరు మాసమున సాయంత్రము 4 గంటలకు ముందే ప్రొద్దు క్రుంకును. భర్త పనికి, పిల్లలు బడికి పోగా ఒంటరిగా నున్న యిల్లాలికి ఈ చీకటియే పెద్ద కష్టము. చలియని తలుపులు మూసికొని కూర్చుండక, మధ్యాహ్నమున అరగంటయైనను వెలుపల నడువవలెను. మన వంటి చాయగల వారికి అచటి యెండ చాలదు. దినమునకు 10 మైక్రోగ్రాముల డి విటమిను పుచ్చుకొనుట మంచిదని ఆ దేశపు ఆరోగ్యశాఖవారి సలహా. ఉచిత గ్రంథాలయములు అనేకములలో పసిపిల్లలకు పాటల కూటములు జరుగును. తోడి తల్లులతో పరిచయమగుటకు అవి మంచి చోట్లు.

బస్సులలో 2014వ సంవత్సరము నుండి రొక్కము పుచ్చుకొనుట లేదు. ఆయిస్టరు కార్డుగాని బ్యాంకు కార్డుగాని తాకించవలెను. 11 ఏండ్ల లోపు పిల్లలకు బస్సులో ఛార్జీ లేదు. భూగర్భ రైలు స్టేషనులలో కదలు మెట్లపై కుడివైపున నిలిచి, ఎడమవైపు త్వరగా పోవువారికి విడువవలెను.

ఇల్లు కుదిరిన వారముననే సమీపమున గల జి.పి. వైద్యశాలలో పేరు నమోదు చేయించుకొనవలెను. అందుకు రుసుము లేదు. జబ్బు వచ్చినప్పుడు చూచుకొందమనుట తగదు. అపాయవేళ 999కి, అంత తొందరలేని జబ్బునకు 111కి ఫోను చేయవలెను. కుమార్తె పురిటికి సందర్శకులుగా వచ్చు తల్లులు ఆసుపత్రిలో చేరవలసి వచ్చినచో పెద్ద మొత్తము కట్టవలసి యుండును. బయలుదేరుటకు ముందే ఆరోగ్య బీమా తీసికొనుట విధిగా భావింపవలెను.

కడపటిది మిక్కిలి ముఖ్యము. వెనుకటి నివాసానుమతి కార్డులు 2024 డిసెంబరు 31తో ముగిసినవి. ఇప్పుడా యనుమతి కంప్యూటరు ఖాతాగా నున్నది. ఆ ఖాతాను తన సొంత ఈ-మెయిలుతో తెరచి, రహస్యపదమును తానే యెరిగి యుండవలెను. పాస్‌పోర్టు తన పెట్టెలో, బ్యాంకు ఖాతా తన పేర నుండవలెను. ఇది భర్తను శంకించుట కాదు. ఆయన జబ్బుపడినను, ఊరిలో లేకున్నను సంసారము నడచుటకే. ఇంట హింసకు లోనైన యభాగ్యకును ఇవియే దిక్కు. నోరు మెదపుటకు వీలులేని స్థితిలో మొబైలు ఫోనునుండి 999కి చేసి, అడిగినప్పుడు 55 నొక్కినచో పోలీసులకు కలుపుదురు.

ఇవి యన్నియు ఇంటి యజమానికి తెలిసిన చాలునని యూరకుండక, ప్రతి సోదరియు స్వయముగా నేర్చుకొని, తరువాత వచ్చు మన యాడపడుచులకు నేర్పవలెనని మా కోరిక.