ఒక్క పోగును వంద కోట్లు చేసే పెట్టె

2003 జూన్, ఆగస్టు మధ్య నాటి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలు మెదడువాపుతో ఆసుపత్రుల పాలయ్యారు. 183 మంది దక్కలేదు. జ్వరం, వాంతులు, ఫిట్లు, స్పృహ తప్పడం... చాలామంది ఒకటి రెండు రోజుల్లోనే పోయారు. జపనీస్ మెదడువాపేమోనని మొదట అనుమానించారు. రక్తంలో యాంటీబాడీలు చూసి జబ్బును పోల్చుకుందామంటే, అవి తయారవడానికే ఒంటికి కొన్ని రోజులు కావాలి. ఆ పిల్లలకు అన్ని రోజులు లేవు. పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ వైరస్‌ను పెంచి చూసింది, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టింది, దాని జన్యుపదార్థం కోసం పీసీఆర్ కూడా చేసింది. బయటపడింది చాందీపుర వైరస్. 1965లో మహారాష్ట్రలో మొదట దొరికినప్పుడు అక్కడి ఊరి పేరే దానికి పెట్టారు.

పీసీఆర్ ఆలోచన 1983లో అమెరికాలో, సీటస్ కంపెనీలో పనిచేసే కారీ ముల్లిస్‌కు తట్టింది. డీఎన్ఏను 95 డిగ్రీల దాకా వేడిచేస్తే రెండు పోగులూ విడిపోతాయి. చల్లారిస్తే ప్రైమర్లనే చిన్న ముక్కలు తమకు సరిపడే చోట వెళ్లి అతుక్కుంటాయి. అక్కణ్ణుంచి ఎంజైమ్ కొత్త పోగు అల్లుకుంటూ పోతుంది. ప్రతి విడతకూ రెట్టింపు. అంతా సరిగ్గా సాగితే ముప్పై విడతల్లో ఒక్కటి వంద కోట్లు దాటుతుంది.

చెప్పినంత తేలిక కాదు చేయడం. తొలి రోజుల్లో వేర్వేరు వేడిలో ఉన్న నీటి తొట్లు పక్కపక్కన పెట్టుకుని, గడియారం చూసుకుంటూ ట్యూబులను చేత్తో ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మార్చేవారు. ఆ వేడికి ఎంజైమ్ చచ్చిపోయేది కనుక ప్రతి విడతకూ మళ్లీ కొత్తది కలపాలి. ఈ చాకిరీ తప్పించడానికి సీటస్ వాళ్లు ‘మిస్టర్ సైకిల్’ అనే యంత్రం కట్టారు. అమెరికాలోని యెల్లోస్టోన్ వేడినీటి ఊటల్లో బతికే బ్యాక్టీరియా నుంచి వేడికి చెడని ఎంజైమ్ దొరికాకే, మాటిమాటికీ కలిపే పని తప్పి యంత్రం చిన్నదైంది. 1993లో నోబెల్ ముల్లిస్‌కు వచ్చింది. నన్నడిగితే ఆ గౌరవంలో వాటా 1966లోనే ఆ బ్యాక్టీరియాను పట్టుకున్న థామస్ బ్రాక్, ఆయన విద్యార్థి హడ్సన్ ఫ్రీజ్‌లకూ దక్కాలి. ఏ లాభమూ ఆశించి వాళ్లు ఆ ఊటల దగ్గరికి పోలేదు.

చాందీపుర ఆర్ఎన్ఏ వైరస్. అందుకని పీసీఆర్‌కు ముందు దాని ఆర్ఎన్ఏను డీఎన్ఏగా మార్చుకోవాలి. ఆర్ఎన్ఏ ఇట్టే చెడిపోతుంది కాబట్టి నమూనాను ఐసులోంచి తీయకుండా ల్యాబుకు చేర్చాలి. నమూనా మనిషిదే కానక్కర్లేదు. ఈ వైరస్‌ను మోసేది ఇసుక ఈగ. మూడు మిల్లీమీటర్లు కూడా ఉండదు. మట్టి గోడల పగుళ్లలో, పశువుల కొట్టాల్లో దాక్కుంటుంది. టార్చి వేసి, గాజు గొట్టంతో ఒక్కొక్కదాన్నీ నోటితో లోపలికి పీల్చి పడతారు. జాతుల వారీగా వేరుచేసి, కొన్నింటిని కలిపి నూరి పరీక్షిస్తారు. కరీంనగర్ జిల్లాలో పట్టిన ఈగల్లో ఈ వైరస్ ఉన్నట్టు 2005లో శాస్త్రవేత్తలు ప్రకటించారు.

ఇప్పుడు పీసీఆర్ యంత్రం బ్యాటరీ మీద నడిచే పెట్టె అయింది. బెంగళూరులో రూపుదిద్దుకుని గోవా నుంచి వస్తున్న ట్రూనాట్ అలాంటిదే. కేరళలో దాన్ని నిపా వైరస్ పరీక్షకు వాడుతున్నారు. చాందీపురకు మందూ లేదు, టీకా లేదు. ఫలితం ఎంత త్వరగా వచ్చినా వైద్యం లక్షణాలకు చేయాల్సిందే. కానీ జిల్లా ఆసుపత్రిలోనే ఆ ఫలితం వస్తే, పురుగుమందు చల్లే బృందం అదే వారం ఆ బిడ్డ ఊరికి వెళ్లి, ఇరుగుపొరుగు గోడల పగుళ్లు పూడ్చే పనిలో పడొచ్చు.