మాట్లాడడానికి కూడా శిక్షణ కావాలా?



"కౌన్సెలర్ గారు ఈ వారం ట్రైనింగుకి వెళ్ళారండి" అని చెబితే మా దగ్గరకు వచ్చేవారిలో కొందరు ఆశ్చర్యపోతుంటారు. డాక్టరుకు, నర్సుకు చదువు కావాలి గాని, నాలుగు మంచి మాటలు చెప్పడానికి శిక్షణ ఎందుకని వారి సందేహం. న్యాయమైన సందేహమే. కష్టం వచ్చిన ఇంటికి పది మంది వెళ్ళి పలకరించడం మన కోనసీమ పల్లెల్లో ఎప్పటినుంచో ఉన్నదే. ఆ పలకరింపు ఎంతో విలువైనది. అయితే కొన్ని సమయాల్లో మంచి మనసు ఒక్కటే చాలదు. మంచి మనసుతో అన్న మాటే ఎదుటివారి నోరు మూయించవచ్చు. అది ఎలాగో, శిక్షణలో ఏమి నేర్పుతారో తెలుసుకుందాం.

ఓదార్పుకు, కౌన్సెలింగుకు తేడా ఏమిటి?

కొబ్బరి తోట కౌలుకు తీసుకుని అప్పులపాలైన ఒక రైతు "ఇంక బతికి ఏం లాభమండీ" అన్నాడనుకోండి. మనం వెంటనే "అలాంటి మాటలు అనకూడదు, పిల్లల ముఖం చూడు, అన్నీ సర్దుకుంటాయి" అంటాం. ప్రేమతోనే అంటాం. కాని ఆ మాటతో సంభాషణ ఆగిపోతుంది. ఆయన మనసులో ఏముందో ఎవరికీ తెలియదు.

శిక్షణ పొందినవారు సూటిగా అడుగుతారు: "చచ్చిపోవాలని అనిపిస్తోందా అండీ? ఎప్పటినుంచి? ఏమైనా చేసుకోవాలని అనుకున్నారా?" ఇలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందని చాలామంది భయం. అలా జరగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. అడిగినవారు ఒకరున్నారన్న ఊరటతో చాలామంది గుండె విప్పి మాట్లాడతారు.

జవాబును బట్టి అపాయం ఎంత దగ్గరగా ఉందో తెలుస్తుంది. అప్పుడు ఆయనను ఒంటరిగా వదలవద్దని, పురుగుమందు ఇంట్లో ఉంచవద్దని కుటుంబానికి చెప్పి, అదే రోజు డాక్టరుకు చూపిస్తారు. చావాలన్న కోరిక తరచు ఒక్కసారిగా ఉధృతంగా వచ్చి, కొంతసేపటికి తగ్గుతుంది. ఆ సమయం గడిపించగలిగితే ప్రాణం నిలుస్తుంది.

పోలీసు కేసు అవుతుందన్న భయంతో కొందరు జరిగినదాన్ని దాచిపెడతారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించి, చికిత్స, సంరక్షణ అందేలా చూడాలి. కాబట్టి దాచి ఆలస్యం చేయవద్దు.

రహస్యం కాపాడడం

కొత్తపేట లాంటి ఊళ్ళో అందరూ అందరికీ తెలుసు. ఇక్కడ కౌన్సెలరు మొదట నేర్చుకోవలసినది నోరు కట్టుకోవడం. మన దేశంలో హెచ్.ఐ.వి. సలహా, పరీక్షా కేంద్రాలు 1997లో మొదలయ్యాయి. తరువాత వాటినే ఐ.సి.టి.సి.లుగా మార్చారు. అక్కడి కౌన్సెలర్లకు తొలి శిక్షణ 12 రోజులుగా నిర్ణయించారు. పరీక్షకు ముందు వివరంగా చెప్పి సమ్మతి తీసుకోవడం, ఫలితాన్ని ఏకాంతంగా తెలియజేయడం, ఆ తరువాత భార్యాభర్తలతో ఎలా మాట్లాడాలి అన్నవి అందులో ముఖ్యం. 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులోకి వచ్చిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం ఈ సమ్మతిని, గోప్యతను చట్టబద్ధం చేసింది.

"మా బంధువే కదండీ, ఏ జబ్బో చెప్పండి" అని ఎవరైనా అడిగినప్పుడు సిబ్బంది చెప్పకపోతే అది గర్వం కాదని గమనించగలరు. రేపు మీ విషయంలో కూడా అలాగే ఉంటారు. ప్రాణాపాయం ఉన్నప్పుడు మాత్రం కుటుంబానికి చెప్పవలసి రావచ్చు. ఆ సంగతి ముందే తెలియజేయాలని కూడా నేర్పుతారు.

చెడు వార్త చెప్పడం

"క్యాన్సర్ అని మా నాన్నగారికి చెప్పకండి డాక్టరుగారూ." ఈ మాట మేము తరచు వింటాం. ఇలాంటి సందర్భాల కోసం అమెరికాలోని క్యాన్సర్ వైద్యులు 2000లో ఆరు మెట్ల పద్ధతి ఒకటి ప్రచురించారు: ఏకాంతంగా కూర్చోవడం, రోగికి ఇప్పటికే ఏమి తెలుసో అడగడం, ఎంతవరకు తెలుసుకోవాలని ఉందో అడగడం, తేలిక మాటల్లో చెప్పడం, ఏడుపును, కోపాన్ని ఓపికగా భరించడం, తరువాత ఏమి చేయాలో కలిసి నిర్ణయించడం. ఇందులో మూడవ మెట్టు మనకు చాలా ఉపయోగం. కుటుంబాన్ని కసురుకోనక్కరలేదు, రోగిని మోసగించనక్కరలేదు. "మీ జబ్బు సంగతి మీతో మాట్లాడమంటారా, మీ అబ్బాయితోనా?" అని ఆయననే అడగవచ్చు.

ఇవన్నీ పుస్తకం చదివితే వచ్చేవి కావు. శిక్షణలో ఒకరు రోగిగా, ఒకరు నర్సుగా నటిస్తారు. మిగిలినవారు చూసి, ఎక్కడ తొందరపడ్డారో, ఎక్కడ రోగి మాటకు అడ్డు వచ్చారో చెబుతారు. మౌనంగా కూర్చోవడం కూడా అభ్యాసం చేయిస్తారు. రోజూ ఇతరుల దుఃఖం వినేవారికి కూడా మనసు అలసిపోతుంది. ఆ అలసటను గుర్తించి, అనుభవజ్ఞులతో చెప్పుకోవడం కూడా శిక్షణలో భాగమే.

విపత్తు సమయంలో

1996 నవంబరు 6 నాటి తుఫానును కోనసీమలో పెద్దవారు ఎవరూ మరచిపోలేరు. అటువంటి వేళల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఒక చిన్న పుస్తకం తెచ్చింది. దాని సారాంశం మూడు మాటలు: చూడు, విను, కలుపు. ఎవరికి ఏ అవసరం ఉందో చూడాలి. చెప్పమని బలవంతపెట్టకుండా వినాలి. అయినవారితో, సహాయం చేసేవారితో కలపాలి. సంఘ పెద్దలు, ఉపాధ్యాయులు, యువకులు కూడా దీన్ని నేర్చుకోవచ్చు.

మీరు ఏమి అడగవచ్చు?

1. "మీరు ఈ పనికి ఎక్కడ శిక్షణ పొందారండీ?" అని అడగడం తప్పు కాదు. క్లినికల్ సైకాలజిస్టులు, స్పీచ్ థెరపిస్టులు 1992 నాటి చట్టం కింద ఏర్పడిన భారత పునరావాస మండలిలో నమోదై ఉండాలి.
2. నేను చెప్పేది ఎవరెవరికి తెలుస్తుంది?
3. ఇంట్లో మేము ఏమి చేయాలి? వేలూరు సి.ఎం.సి. వారు 1957లో మానసిక ఆరోగ్య కేంద్రం ప్రారంభించి, రోగితోపాటు ఇంటివారిని కూడా ఉంచుకుని సంరక్షణ నేర్పే పద్ధతి పెంపొందించారు. పక్షవాతం వచ్చినవారికి ఫిజియోథెరపిస్టు నేర్పే వ్యాయామాలు కూడా ఇంటివారు నేర్చుకోవాలి.
4. మందులు మానేయమని, జబ్బు తప్పక తగ్గుతుందని హామీ ఇచ్చేవారి దగ్గర జాగ్రత్తగా ఉండండి. శిక్షణ పొందినవారు తమకు చేతకానిదాన్ని పై వైద్యులకు పంపుతారు.

రాత్రివేళ దగ్గరలో ఎవరూ లేకపోతే 14416కు ఫోను చేయండి. ఇది 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవ. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరు మీ ఇంట్లో అందరికీ కనబడే చోట రాసి పెట్టుకోండి.