దూడకు టీకా ఎప్పుడు వేయించవలెను?

దూడ పుట్టిన నెలలోపుననే గాలికుంటు టీకా వేయించితే మరింత మేలు గదా అని మీలో కొందరు తలచవచ్చును. కాని తొందరపడిన మందు వృథా కాగలదు. కారణము తెలిసికొనుడు.

పశువు రక్తములో బి కణములు అనునవి కలవు. వాటి పైపొరమీద గ్రాహకములు ఉండును. తాళమునకు తగిన చెవి వలె, తనకు సరిపడు రోగక్రిమి తగిలినప్పుడు గ్రాహకము కణమును మేల్కొల్పును. టి కణముల తోడ్పాటు కూడ లభించిన పిమ్మట బి కణములు వృద్ధిచెంది, ఆ క్రిమిని ఎదుర్కొను ప్రతిరక్షకములను తయారుచేయును.

అయితే ఎద్దుకు ముల్లుకర్రతోపాటు ముకుతాడు కూడ ఉండవలెను గదా! బి కణమునకు ఆ ముకుతాడు వంటి మరియొక గ్రాహకము కలదు. దానిని ఎఫ్.సి. గామా గ్రాహకము రెండు-బి అందురు. ప్రతిరక్షకములు ముందే అంటుకొనియున్న క్రిమి తగిలినచో, ఈ గ్రాహకము ఆ ప్రతిరక్షకపు తోకను పట్టుకొని కణమును ఆపును. ‘సరిపడ తయారైనది, ఇక చాలును’ అని దాని భావము.

తల్లి ప్రతిరక్షకములు గర్భములో దూడకు చేరవు. ముర్రుపాల ద్వారానే చేరి, కొన్ని నెలలు కాపాడును. అవి నిండుగా ఉన్నప్పుడు టీకా వేసినచో, టీకా మందును అంటుకొని దూడ కణములకు కనబడకుండ కప్పివేయును. ముకుతాడును కూడ బిగించగలవు. కాటన్ ర్యాట్ అను ఎలుకలలో తట్టు టీకాతో జరిపిన పరిశోధన, ఈ ముకుతాడు సంగతిని 2011లో వెల్లడించినది.

అంతమాత్రమున ముర్రుపాలు మానిపించరాదు. ప్రతిరక్షకములను పీల్చుకొను శక్తి దూడ ప్రేగులకు మొదటి 24 గంటలలోనే ఉండును. కావున జున్నుకై పాలు తీయుటకు ముందు దూడ కడుపు నింపుడు. పుట్టిన రెండు గంటలలోపున మొదలిడి, మొదటి దినమున దూడ బరువులో పదవ వంతు, అనగా 25 కిలోల దూడకు రెండున్నర లీటర్లు త్రాగించవలెను.

గాలికుంటు మొదటి టీకా నాల్గవ నెల నిండిన పిదప, రెండవది మరొక నెలకు, ఆపైన ఆరు నెలలకొకసారి వేయించుడు. చుట్టుపట్ల వ్యాధి సోకినచో వెంటనే పశువైద్యుని సలహా పొందుడు.

గ్రామోద్యోగులు దూడల పుట్టిన తేదీలను వ్రాసి ఉంచినచో, టీకాల దినమున వయస్సు తేలికగా తెలియును. పుస్తకములో ఒక్క పంక్తి దూడ ప్రాణము నిలుపగలదు.