అచ్చులు రాలే గ్రీకు

మొన్న ఒక బంధువుల ఇంట భోజనానికి కూర్చున్నాము. ఆ ఇంటి నాయనమ్మ "పచ్చడి నేనే చేసినాను" అన్నది. సాయంకాలపు బడిలో తెలుగు నేర్చుకుంటున్న మనవడు వెంటనే "చేసినాను కాదు నాయనమ్మా, చేశాను అనాలి" అని దిద్దినాడు. ఆమె చిన్నబుచ్చుకుని, తక్కిన భోజనమంతా క్రియోలులోనే మాట్లాడినది. అప్పుడు నాకు ఉత్తర గ్రీసు వారి మాటతీరు గుర్తుకు వచ్చినది. ఆ సంగతి మన పాఠకులకు చెప్పాలనిపించింది.

ఈనాటి గ్రీకులో ఉన్నవి ఐదే అచ్చులు: అ, ఎ, ఇ, ఒ, ఉ. మనకున్నట్లు హ్రస్వదీర్ఘ భేదం లేదు. దాని బదులు ప్రతి మాటలో ఒక అచ్చును ఒత్తి పలుకుతారు. (ఆ ఒత్తు పడిన అచ్చును నేనిక్కడ దీర్ఘంగా వ్రాస్తున్నాను.) ఏథెన్సులోను, దక్షిణాన పెలొపొనీసులోను ఒత్తు ఉన్నా లేకున్నా అచ్చులన్నీ స్పష్టంగా వినబడతాయి. థెస్సలీ, ఎపిరస్, మాసిడోనియా, థ్రేసు ప్రాంతాల పల్లెలలోను, లెస్బోస్, సామోస్ ద్వీపాలలోను అలా కాదు. అక్కడ ఒత్తు లేని ఇ, ఉ లు రాలిపోతాయి. ఒత్తు లేని ఎ, ఒ లు ఇ, ఉ లుగా మారుతాయి.

నీళ్లను దక్షిణాన "నెరో" అంటే ఉత్తరాన "నిరో" అంటారు. తల "కెఫాలి" కాస్తా "కిఫాల్" అవుతుంది. నుయ్యి "పిగాది", "ప్గాద్" అవుతుంది. కంచరగాడిద "ములారి", "మ్లార్" అవుతుంది. మనిషిని "ఆన్థ్రొపొస్" అనేది పోయి "ఆన్థ్రుపుస్" అంటారు. ఒత్తు పడిన అచ్చు మాత్రం ఎక్కడా చెక్కు చెదరదు.

ఇది నోటి సోమరితనమని కొట్టివేసేవారు ఒక విషయం గమనించాలి. ఎ మారి ఇ అయిన చోట ఆ కొత్త ఇ రాలదు! "నిరో" అన్నది "న్రో" కాదు. అంటే మొదట పాత ఇ, ఉ లు రాలాలి, ఆ తరువాతనే ఎ, ఒ లు వాటి స్థానంలోకి రావాలి. ఈ వరుస తప్పితే ఒత్తు లేని అచ్చులలో అ తప్ప మరేమీ మిగలదు. బడి ముఖం చూడని గొర్రెల కాపరి కూడా ఈ వరుస తప్పడు. దీనివల్ల వచ్చే చిక్కు వినడానికి సరదాగా ఉంటుంది. దక్షిణాన "పులీ" అంటే పక్షి, "పొలీ" అంటే చాలా. ఉత్తరాన పక్షి "ప్లీ" అయిపోయింది, "పొలీ" వచ్చి "పులీ" అయి కూర్చుంది. ఉత్తరాది మనిషి "చాలా" అంటే ఏథెన్సు చెవికి "పక్షి" అని వినబడుతుంది.

రాలిన అచ్చు ఊరకే పోదు కూడా. నీటి ఊటను "వ్రీసి" అంటారు. ఉత్తరాన చాలా చోట్ల అది "వ్రీష్". చివరి ఇ పోతూ పోతూ స ను ష గా మార్చి పోయింది. ఇది మనకు కొత్త కాదు. "చేసినాను" లోని ఇ పోయి "చేశాను" అయినప్పుడు స కాస్తా శ అయినది గదా! ఆ శ, పోయిన ఇ వదలిన గుర్తే. మనవడి మాటలో రాలిపోయిన అచ్చు నాయనమ్మ మాటలో ఇంకా బ్రతికే ఉన్నది.

1892లో హాజిదాకిస్ అనే గ్రీకు పండితుడు ఈ అచ్చుల తీరును బట్టే తన దేశపు మాండలికాలను ఉత్తర, దక్షిణ శాఖలుగా విడదీసినాడు. పండితుల లెక్కలో రెండూ సమానమే గాని, బజారులో కాదు. 1830లో స్వతంత్రమైన గ్రీసు రాజ్యం ప్రధానంగా దక్షిణాదిది. అక్కడి పలుకుబడియే నలుగురు మెచ్చే వాడుక భాషకు ఆధారమైనది. థెస్సలీ ఆ రాజ్యంలో చేరినది 1881లో. మాసిడోనియా, ఎపిరస్‌లలో చాలా భాగం వచ్చినది 1912-13 బాల్కన్ యుద్ధాల తరువాత. ఆలస్యంగా వచ్చి చేరిన వారి పలుకు "పల్లెటూరి మాట" అనిపించుకున్నది. నాటకాలలో నవ్వించడానికి కూడా పనికివచ్చినది. 1976లో వ్యావహారిక భాషకు ప్రభుత్వ గౌరవం దక్కినప్పుడు కూడా బడిలోకి వెళ్లినది ఏథెన్సు అచ్చులే.

ఉత్తరాది ఇళ్లలో ఈ పలుకు ముసలివారి నోట ఇంకా నిలిచి ఉన్నది. పిల్లలు బడిలో "తొ పెదీ" అంటారు. "ఆ పిల్ల" అని అర్థం. ఇంటికి వస్తే అవ్వ "తు పిదీ" అంటుంది. బడి గ్రీకులో "తు" అంటే "యొక్క". ఇద్దరిలో ఎవరిది తప్పని అడిగితే ఆ అవ్వ ఏమంటుందో గాని, మా బంధువుల అబ్బాయికి ఈ వ్యాసం చదివి వినిపించబోతున్నాను, నాయనమ్మ ఎదుటనే.