మాత్ర ఆపకండి, ఎత్తు కొలవండి



ఈమధ్య ఒక తల్లి మా కార్యాలయానికి వచ్చింది. రక్త క్యాన్సర్‌కు కొడుకు రోజూ మాత్ర వేసుకుంటున్నాడు. జబ్బు అదుపులోనే ఉంది. కానీ రెండేళ్లుగా ప్యాంటు పొట్టి కాలేదట. "మాత్ర నిలిపేస్తే పెరుగుతాడా సార్?" అని అడిగింది. ఆస్పత్రి కాగితాలన్నీ ఇంగ్లీషు, తమిళం. ఆమె చదవగలిగేది తెలుగే. ఇలాంటివారి కోసమే ఈ నాలుగు మాటలు.

ఆ మాత్ర ఇమాటినిబ్. సీఎంఎల్ అనే రక్త క్యాన్సర్‌కు వాడతారు. అమెరికాలో 2001లో పెద్దలకు, 2003లో పిల్లలకు అనుమతి వచ్చింది. 2003లోనే హైదరాబాదు నాట్కో కంపెనీ దీన్ని మన దేశంలో తక్కువ ధరకు తెచ్చింది. నోవార్టిస్ పేటెంటు దరఖాస్తును 2006లో చెన్నై పేటెంటు కార్యాలయం తిరస్కరించింది. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టూ కాదంది. అందుకే ఇది సామాన్యులకు అందుతోంది.

క్యాన్సర్ కణాన్ని నడిపించే ప్రొటీన్‌ను ఈ మందు అడ్డుకుంటుంది. అయితే ఎముక కణాలకు అవసరమైన కొన్ని ప్రొటీన్లను కూడా అడ్డుకుంటుంది. మన ఎముకల్లో పాతదాన్ని కరిగించే కణాలు, కొత్తది కట్టే కణాలు ఎప్పుడూ పనిచేస్తుంటాయి. మందువల్ల ఆ రెండింటి లెక్క తప్పుతుంది. కొందరికి రక్తంలో ఫాస్ఫేటు తగ్గుతుంది. పిల్లల్లో ఎత్తు పెరగడం మందగించవచ్చు. యుక్తవయసు రాకముందే మందు మొదలుపెట్టినవారిలో ఇది ఎక్కువ. యుక్తవయసులో కొంత ఎత్తు అందుకున్న పిల్లలూ ఉన్నారు.

కాబట్టి తల్లిదండ్రులకు మా మనవి:

మాత్రను మీ అంతట మీరు ఆపకండి, తగ్గించకండి. జబ్బు తిరగబెడితే ప్రాణానికే ముప్పు.

మూడు నెలలకోసారి చెప్పులు లేకుండా గోడకు నిలబెట్టి ఎత్తు కొలవండి. తేదీ వేసి నోటుపుస్తకంలో రాయండి. ఆస్పత్రికి వెళ్లినప్పుడు డాక్టరుకు చూపండి.

ఫాస్ఫేటు, కాల్షియం, విటమిన్ డి పరీక్షలు అవసరమా అని అడగండి. కాల్షియం మాత్రలు సొంతంగా కొని వేయకండి.

ఎముకల నొప్పి, కుంటడం కనిపిస్తే వెంటనే చెప్పండి. మోతాదు మార్చాలా, వేరే మందు ఇవ్వాలా అన్నది డాక్టరు నిర్ణయం.

ఆ తల్లి చేత మేమే ఒక నోటుపుస్తకం మొదలుపెట్టించాం. మొదటి పేజీలో బాబు ఎత్తు రాసి ఉంది. మీ కాగితాలు చదివించుకోవాలంటే మొహమాటం లేకుండా మా కార్యాలయానికి రండి. తెలుగులో చదివి చెబుతాం.